గ్రుడ్డు పెట్టని కోడికి మేత యేల?

వానలు వెనుకపట్టి, మక్కల కోత ముగిసి, నర్సంపేట చుట్టుపట్ల కళ్ళములందును రహదారుల ప్రక్కలను గింజలు ఆరబోసిన దినములలో మన పెరళ్ళలోని కోడిపెట్టలను జూచినవారికి జాలి కలుగును. మెడలు బోసిపోయి యుండును. తోకలు ఊడి యుండును. మొన్నటివరకు ఎఱ్ఱగా నిగనిగలాడిన తలమీది జుట్టు పాలిపోయి ముడుచుకొని యుండును. గూటిలో చేయి పెట్టినచో గ్రుడ్డు తగులదు. అట్టి సమయమున ప్రతి యింటను వినవచ్చు మాట యొక్కటే: "గ్రుడ్డు పెట్టని కోడికి గింజలు దండుగ గదా!" ఆ మాటతో చేటలోని నూకలు తగ్గిపోవును. బూజు పట్టి అంగడిలో చెల్లని మక్కలు కోళ్ళ పాలగును.

ఈ మాట తప్పనియు, దీనివలన మనకు ఏటేట కలుగుచున్న నష్టము స్వల్పము కాదనియు, దీనిని సరిదిద్దుట యొక్కొక్క యింటివలన గాక సంఘము వలననే సులువుగా జరుగుననియు నా యభిప్రాయము. దానిని సభ్యుల యాలోచనకై యిచ్చట విన్నవించుచున్నాను.

మన రైతులకు పశుపోషణ తెలియదనుట అన్యాయము. చూడి బఱ్ఱె పాలు వట్టిపోయిన దినములలో దానిని ఎవ్వరును పస్తుంచరు. పాలు లేకున్నను పత్తిచెక్కయు తవుడును పెట్టుదురు. ఏలన, కడుపులోని దూడకును, రాబోవు పాడికిని ఆ మేతయే ఆధారమని యందఱకును తెలియును. కోడి యీకలు రాల్చు కాలము సరిగా అట్టిదే. అది సోమరితనపు కాలము కాదు, లోపల పని జరుగుచున్న కాలము. బఱ్ఱె విషయమున మనకున్న వివేకము కోడి విషయమున లేకపోవుటకు కారణము, కోడి చిన్న ప్రాణి యగుటయు, దాని లెక్క యింటి స్త్రీల చేతిలో నుండి మగవారి పద్దులలోనికి రాకుండుటయు మాత్రమే.

ఇంతకును ఈకలు రాలుట యేమి? పగటి ప్రొద్దు తగ్గుచు వచ్చుకొలది పక్షి దేహములో కలుగు మార్పుల వలన అది పాత యీకలను విడిచి క్రొత్తవానిని తొడుగుకొనును. పెట్ట పుట్టిన యేడాది మొదలు ఏడాదిన్నర లోపల మొదటి సారియు, అటుపిమ్మట ఏటేటను ఇట్లు జరుగుట సహజము. మొదట తలమీదను, పిమ్మట మెడ, ఱొమ్ము, వీపు, ఱెక్కలు, తోక, ఈ వరుసను ఈకలు రాలును. సాధారణముగా ఈ పని యంతయు రెండు మూడు నెలలు పట్టును. మన ప్రాంతమున నిది తఱచుగా వర్షర్తువు చివర మొదలై చలిదినములలో ముగియును.

ఇప్పుడు ఈకను జూడుడు. ఎండిన యీక బరువులో నూటికి 85 పాళ్ళకు పైగా మాంసకృత్తులే. అందును గంధకముతో గూడిన మాంసకృత్తుల భాగము హెచ్చు. మక్కలలో మాంసకృత్తులు నూటికి సుమారు 9 పాళ్ళు మాత్రమే. నూకలలో అంతకన్నను కొంచెము తక్కువ. కావున కేవలము మక్కలును నూకలును చల్లినచో కోడి కడుపు నిండును గాని యీక నిండదు. గ్రుడ్డు పెట్టుట మానినది గనుక దానికి మాంసకృత్తులతో పని లేదనుకొనుట పొరపాటు. గ్రుడ్డునకు పోవుచున్న సారము ఈకకు పోవుచున్నది. పద్దు మారినది గాని ఖర్చు తగ్గలేదు.

ఇందులో నింకొక చిక్కు గలదు. రోగక్రిములతో పోరాడుటకు దేహము తయారుచేయు ద్రవ్యములు కూడ మాంసకృత్తులే. ఉన్న కొద్దిపాటి సారము ఈకకు పోయినచో రోగనిరోధమునకు మిగులునది తక్కువ. ఈకలు లేని దేహమునకు మార్గశిర పుష్య మాసముల చలిరాత్రులలో వేడి నిలుపుకొనుటకై హెచ్చు ఆహారము కావలెను. క్రొత్తగా మొలచు ఈకమొలకలలో రక్తము ప్రవహించుచుండును గనుక, అవి విఱిగినచో రక్తము కారును. ఆ రక్తమును జూచి తక్కిన కోళ్ళు పొడుచును. ఆ గాయముల ద్వారమున క్రిములు ప్రవేశించును. ఇట్లు లోపలి బలము తగ్గినప్పుడే వెలుపలి తలుపు కూడ తెఱచుకొనును. సరిగా ఆ దినములలోనే మనము మేత తగ్గించుచున్నాము. కోట గోడ కూలినప్పుడు కాపలావారికి బత్తెము మాన్పినట్లున్నది యీ పని.

ఇది నా యూహ మాత్రము కాదు. పెద్ద కోళ్ళఫారములలో వేలకొలది కోళ్ళను ఒక్కసారిగా ఈకలు రాల్పించుటకై వానిని పదిదినములు, కొన్నిచోట్ల రెండు వారములు, మేత లేక మాడ్చు పద్ధతి చిరకాలము నడచినది. అట్లు మాడ్చిన కోళ్ళు మరల నొక్కసారిగా గ్రుడ్లు పెట్టునని వారి లెక్క. 1990వ దశకమున అమెరికా ప్రభుత్వపు వ్యవసాయ పరిశోధకులు ఈ పద్ధతిని పరీక్షించి చూడగా, మేత మాన్పిన కోళ్ళకు సాల్మొనెల్లా యను క్రిమి మిగుల సులభముగా సోకుటయు, అవి రెట్టలో ఆ క్రిమిని హెచ్చుగా విడుచుటయు, ప్రక్కగూళ్ళలోని కోళ్ళకు అది త్వరగా వ్యాపించుటయు కనుగొనిరి. ఈ క్రిమి కోడితో ఆగునది కాదు. గ్రుడ్డు లోపలికి చేరి, సరిగా ఉడుకని గ్రుడ్డు తినువారికి జ్వరమును విరేచనములను కలిగించును. పసిపిల్లలకును వృద్ధులకును మిక్కిలి ప్రమాదకరము.

కారణము కూడ తెలిసినది. కోడి మెడక్రింద మేత నిలువయుండు సంచి యొకటి గలదు గదా! మేత యున్నంత కాలము అందులో మేలుచేయు సూక్ష్మజీవులు పెరిగి పులుపు పుట్టించుచుండును. ఆ పులుపులో రోగక్రిమి బ్రతుకుట కష్టము. సంచి వట్టిదైనప్పుడు మేలుచేయు జీవులు క్షీణించును, పులుపు తగ్గును, రోగక్రిమికి చోటు దొరకును. ఆకలిగొన్న కోడి నేలమీది రెట్టను, తడిసిన చెత్తను పొడిచి తినును. అందుచేత క్రిమి లోపలికి పోవుటయు సులభమగును. ఇట్లు మాడ్చుటకు బదులు లూసర్న్ గడ్డి వంటి పీచు గల మేత నిచ్చి చూచినప్పుడు, ఈకలును రాలినవి, సాల్మొనెల్లా తీవ్రతయు తగ్గినది. ఈ పరిశోధనలు వెలువడిన పిమ్మట 2006 నుండి అమెరికాలోని ప్రధాన గ్రుడ్ల ఉత్పత్తిదారుల సంఘము మేత మాన్పు పద్ధతిని తన నియమములనుండి తొలగించినది. మన దేశమున 2011లో భారత జంతు సంక్షేమ మండలివారు ఈ మాడ్చు పద్ధతి 1960నాటి జంతుహింసా నివారణ చట్టమునకు విరుద్ధమని తెలిపి, దానిని మానవలసినదని ఆదేశించిరి.

మన పెరటిలోని పది కోళ్ళకును, వేయి గూళ్ళ ఫారమునకును ఏమి సంబంధమని కొందఱు అడుగవచ్చును. మనమెవ్వరమును పదిదినములు కోడిని గంపక్రింద మూసి మాడ్చుట లేదు, నిజమే. కాని అరకడుపుతో రెండు నెలలు గడపించుచున్నాము. పూర్తిగా మాడ్చుట వలన త్వరగా కలుగు కీడు, అరకడుపు వలన నెమ్మదిగా కలుగుచున్నది. కోడి స్వేచ్ఛగా తిరిగి పురుగుపుట్రలను ఏఱుకొని తినును గదా యనువారికి నేను చెప్పునది: వర్షములలో దొరకిన పురుగు చలిదినములలో అంతగా దొరకదు. ఈకలు రాలిన కోడి చురుకుగా తిరిగి వెదకను గూడ లేదు. అది గోడ ప్రక్కను ఎండ కాచుకొనుచు నిలుచుండును. అప్పుడు మేతను దానివద్దకు మనము తీసికొనిపోవలెను.

ఇక బూజు పట్టిన మక్కల మాట. మన ప్రాంతమున నిది ప్రధాన విషయమని నా నమ్మకము. నర్సంపేట, దుగ్గొండి, నల్లబెల్లి, చెన్నారావుపేట, ఖానాపురము, నెక్కొండ ప్రాంతములలో మక్క పంట విస్తారము. కోతవేళ వాన పడినచో కుప్పలలోని కంకులు తడియును. తడిసిన గింజపై పచ్చని బూజు పెరుగును. వర్తకుడు దానిని త్రోసివేయును. పారవేయుటకు మనసొప్పక మనము కోళ్ళకు వేయుదుము. ఈకలు రాలు కాలమును, బూజు మక్కలు ఇంటనుండు కాలమును ఒక్కటే యగుట మన దురదృష్టము.

ఈ బూజులో పుట్టు విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరు. ఇది లోకమునకు తెలిసివచ్చిన కథ మనకు పాఠము. 1960లో ఇంగ్లండు దేశమున లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణము తెలియకుండ చచ్చినవి. విచారింపగా బ్రెజిల్ దేశమునుండి దిగుమతియైన వేరుసెనగ చెక్కలో బూజు విషమున్నట్లు బయటపడినది. ఈ విషము కోడి కాలేయమును చెఱచును. అంతకన్న ముఖ్యముగా, చంపునంత మోతాదు లేకున్నను రోగనిరోధశక్తిని కుంటుపఱచును. టీకా వేసినను అది సరిగా పట్టకుండ చేయును. ఉడికించినను ఈ విషము పోదు. పైబూజును కడిగి ఎండబెట్టినను లోపలి విషము మిగిలియే యుండును. గావున బూజు మక్కలు ఉచితముగా దొరకు మేత కాదు. దాని వెల మనము ఆలస్యముగా చెల్లించుచున్నాము.

ఈ పాఠము నాకు పుస్తకములలో దొరకినది కాదు. కొన్ని యేండ్లక్రింద మా యింట పదునాలుగు పెట్టలుండెను. కోతవేళ తడిసిన మక్కలు రెండు బస్తాలు మిగిలినవి. గ్రుడ్లు మానినవి గదా యని వానికే రెండు నెలలు అవి వేయించితిని. సంక్రాంతి లోపల కొక్కెర తెగులు వచ్చి, పదునాలుగింటిలో తొమ్మిది పోయినవి. ఆ యేడు వేసవిలో వానికి టీకాలు వేయించియే యుంటిని. టీకామందు చెడ్డదని ఊరంతయు చెప్పి తిరిగితిని. పిమ్మట నొక పశువైద్యుడు వచ్చి, చచ్చిన కోడిని కోసి కాలేయమును జూపి, మక్కల బస్తాను విప్పి చూచి నవ్వినప్పుడు నాకు నోట మాట రాలేదు. బస్తాల రెంటి వెల యెంత? తొమ్మిది పెట్టల వెల యెంత? చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నందువలన ప్రయోజనమేమి?

కాబట్టి ఈకలు రాలు కాలమున ఏమి పెట్టవలెను? మన యింటను అంగడిలోను దొరకు వస్తువులతోనే మంచి మిశ్రమము కలుపుకొనవచ్చును. నూరు పాళ్ళ దాణాకు లెక్క యిది: నలుగగొట్టిన మక్కలు 45 పాళ్ళు, నూకలు 10, తవుడు 15, సోయాచెక్క 17, నువ్వులచెక్క 5, ఎండుచేపల పొడి 5, ఖనిజ లవణముల మిశ్రమము 3 పాళ్ళు. ఇందు మాంసకృత్తులు నూటికి సుమారు 18 పాళ్ళగును. సోయాచెక్క మాంసకృత్తులకు మేలైనదే కాని ఈకకు కావలసిన గంధకపు భాగము అందు తక్కువ. ఆ లోటును నువ్వులచెక్కయు ఎండుచేపలును తీర్చును. ఎండుచేపలలో ఉప్పు ఎటులను ఉండును గనుక వేఱుగా ఉప్పు కలుపరాదు. పచ్చి సోయాగింజలు ఎన్నడును పెట్టరాదు. నూనె తీసి వేడి తగిలిన చెక్కయే వాడవలెను. వేరుసెనగ చెక్కను వాడువారు అది క్రొత్తదియు వాసన లేనిదియు అగునట్లు చూచుకొనవలెను.

పెరటిలో తిరుగు కోడికి దినమునకు 50 గ్రాముల దాణా చాలును. అరువది దినములకు కోడి యొక్కటికి 3 కిలోలు, పది కోళ్ళకు 30 కిలోలు. గూటిలోనే యుంచి పెంచువారు దినమునకు 100 నుండి 120 గ్రాముల వఱకు పెట్టవలెను. ఉదయము సగము, సాయంకాలము సగము పెట్టుట మంచిది. చలి హెచ్చుగా నున్న దినములలో సాయంకాలపు మేతకు తోడు పిడికెడు మంచి మక్కలు వేసినచో రాత్రి దేహము వెచ్చగా నుండును.

సున్నపు పాలు విషయమున నొక జాగ్రత్త. గ్రుడ్లు పెట్టు దినములలో పెంకునకై హెచ్చు సున్నము కావలెను. ఈకలు రాలు దినములలో అంత అక్కఱలేదు. కావున ఆల్చిప్పల పొడిని దాణాలో కలుపక వేఱొక మూకుడులో నుంచినచో కోడి తనకు కావలసినంత తినును. మరల గ్రుడ్లకు సిద్ధమగునప్పుడు అదియే హెచ్చుగా తినుట మొదలుపెట్టును. ఆ గుర్తు చూచి మనమును మేత మార్చవచ్చును.

పచ్చిమేతను మఱువరాదు. మునగాకు, తోటకూర, లూసర్న్, తొట్లలో పెంచు అజోల్లా, ఇవి యన్నియు కన్నులకును, ముక్కు గొంతుల లోపలి పొరలకును బలమునిచ్చు విటమిను ఎ గలవి. క్రిమి ప్రవేశించు ద్వారములు ఆ పొరలే గనుక వానికి బలము కలిగించుట కోటగోడకు గచ్చు పూయుట వంటిది. చెదలును మిక్కిలి మంచి మేత. పాత కుండలో తడిపిన గడ్డియు పేడయు నింపి చెదల చోట బోర్లించి రాత్రి యుంచినచో తెల్లవారునప్పటికి చెదలు పట్టును. ఆ కుండను కోళ్ళముందు దులుపవచ్చును. కాసు ఖర్చు లేని మాంసకృత్తులివి. పురుగుమందు చల్లిన పత్తిచేలలోని, మిరపచేలలోని పురుగులను మాత్రము కోళ్ళకు చూపరాదు.

మంచి నీరు మేతలో సగము. చెఱువు నీరును మురికిగుంట నీరును త్రాగనీయక, ప్రతిదినము కడిగిన పాత్రలో నూతినీరు పెట్టవలెను. పసుపు, వెల్లుల్లి మున్నగు ఇంటిమందులు పెట్టువారు పెట్టుకొనవచ్చును. కాని వానిని నమ్మి మేతను తగ్గించుట గాని టీకాలు మానుట గాని కూడదు.

ఇక్కడ నొక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. మేత యెంత మంచిదైనను అది టీకా కాదు. మనము కొక్కెర తెగులు అని పిలుచు వ్యాధికి రాణీఖేత్ వ్యాధియని పేరు వచ్చినది 1920వ దశకపు చివర కుమావూఁ కొండలలోని ఆ యూరిలో అది బయటపడుటచేత. దాదాపు ఆ కాలముననే ఇంగ్లండులోని న్యూకాసిల్‌లోను ఈ వ్యాధి కనబడినది. 1940వ దశకమున ముక్తేశ్వరములోని పశువైద్య పరిశోధనాలయమువారు కనుగొనిన టీకాబీజమే నేటికిని పెద్దకోళ్ళకు వేయు ఆర్.2.బి. టీకాకు మూలము. పిల్లలకు మొదటి వారములో కంటిలో చుక్కమందును, ఎనిమిది వారములు నిండిన పిమ్మట ఆర్.2.బి. సూదిమందును వేయింపవలెను. పెద్దపెట్టలకు మరల వేయించు టీకాయును, కడుపులోని పురుగులకు మందును ఈకలు రాలుట మొదలుకాకముందే, అనగా వర్షర్తువులోనే ముగించుకొనుట మంచిదని నా మనవి. బలముగానున్న కోడికి టీకా బాగుగా పట్టును. సారము తగ్గిన కోడి దాని ఫలమును పూర్తిగా పొందలేదు. టీకా బీజమును నాటునది, మేత దానికి నీరు పోయునది. ఒకటి లేక రెండవది ఫలింపదు.

పక్షిఫ్లూ సంగతి వేఱు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో అది బయటపడి కోళ్ళు విస్తారముగా నశించినది మనమందఱము ఎఱిగినదే. దానిని ఏ మేతయు ఆపలేదు. కాకతీయులనాటి పాఖాల చెఱువునకు చలికాలమున దూరదేశపు నీటిపక్షులు వచ్చును. అవి మన ప్రాంతమునకు అందమే. కాని అడవిబాతుల రెట్టలలో ఈ వ్యాధిబీజము ఉండవచ్చును గనుక, చెఱువుగట్టు పల్లెలవారు ఆ దినములలో కోళ్ళను నీటి యంచునకు పోనీయరాదు. పలు కోళ్ళు ఒక్కసారిగా చచ్చినచో దాచిపెట్టి అంగడికి తీసికొనిపోవుట మహాపరాధము. వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను.

ఈకలు రాలుటకును రోగమునకును భేదము తెలిసికొనుట కష్టము కాదు. ఈకలు రాల్చు కోడి చూచుటకు వికారముగా నున్నను కన్నులు చుఱుకుగా నుండును, మేతకు పరుగెత్తి వచ్చును. రోగమున్న కోడి కన్నులు మూసి మూల కూర్చుండును, పచ్చగా విరేచనము చేయును, మెడ మెలిపెట్టును, నోరు తెఱచి ఊపిరి తీయును. దానిని వెంటనే వేఱుపఱుపవలెను. ఈకలతో పాటు చర్మము ఎఱ్ఱబడి పేలు కనబడినచో అది వేఱు బాధ. బూడిదయు పొడిమన్నును కలిపిన గుంటలో కోళ్ళు పొరలునట్లు చేసి, గూటి సందులకు సున్నము పూయింపవలెను.

అన్ని పెట్టలను అట్లే మేపుమని నేను చెప్పుట లేదు. ఏరుట యవసరము. అందుకు ఱెక్క చూచిన చాలును. కోడిఱెక్క చివర పెద్ద యీకలు పది యుండును. మంచి పెట్ట ఆలస్యముగా ఈకలు రాల్చును, అందులోను రెండు మూడు పెద్దయీకలను ఒక్కసారి విడిచి త్వరగా ముగించును. తక్కువరకపు పెట్ట అందఱికన్న ముందుగా మొదలుపెట్టి, ఒక్కొక్క యీకనే విడుచుచు నెలల కొలది సాగదీయును. ఒక్కొక్క పెద్దయీక పూర్తిగా పెరుగుటకు ఆరు వారములు పట్టును గనుక ఒకదాని వెంట నొకటి విడుచు కోడికి ఎంత కాలము కావలెనో మీరే లెక్కించుకొనుడు. అట్టిదానిని ఈకలు పూర్తిగా రాలి బక్కచిక్కకముందే అమ్మివేయుట న్యాయము. ఆ మిగిలిన మేతను మంచి పెట్టకు పెట్టుడు. రెండవ యేట అది పెట్టు గ్రుడ్లు సంఖ్యలో కొంచెము తగ్గినను పరిమాణమున పెద్దవి. పొదుగుటకును అనుభవము గల తల్లికోడి క్రొత్తదానికన్న నమ్మదగినది.

ఇప్పుడు సంఘము చేయవలసిన పని చెప్పెదను. విద్య మనకు దూరమున లేదు. మన నర్సంపేట ప్రక్కనున్న లక్నేపల్లిలో 1921లో జన్మించిన పి.వి. నరసింహారావుగారి పేరనే మన రాష్ట్రపు పశువైద్య విశ్వవిద్యాలయము నడచుచున్నది. దాని కళాశాల యొకటి వరంగల్లు చెంత మామునూరులో నున్నది. వనరాజ, గ్రామప్రియ యను పెరటికోళ్ళ జాతులను రూపొందించిన కోళ్ళ పరిశోధనాలయము హైదరాబాదున రాజేంద్రనగరులో గలదు. ఇన్ని యుండగా కొఱతపడునది ఆ విద్యను పల్లెలోని కోళ్ళగూటి వఱకు తెచ్చు చేయి. ఆ చేయి సహకార సంఘమే కావలెను.

అందుకు మూడు సూచనలు చేయుచున్నాను. మొదటిది, సోయాచెక్క, నువ్వులచెక్క, ఎండుచేపలు, ఖనిజ మిశ్రమము ఒక్కొక్క యింటివారు కిలో అరకిలో కొన్నచో వెల హెచ్చు, సరకు పాతది. సంఘము వానకాలపు చివర టోకున కొని, దాణా కలిపి, ముప్పది కిలోల సంచులుగా సభ్యులకు ఇయ్యవలెను. విత్తనములకును ఎరువులకును అప్పిచ్చునట్లే దీనికిని అప్పుగా నిచ్చి, మరల గ్రుడ్లు మొదలైన పిమ్మట వసూలు చేయవలెను. ఈ యప్పు ఇంటి స్త్రీల పేరనే వ్రాయవలెను. కోళ్ళను పెంచువారు వారే గనుక.

రెండవది, టీకామందు సీసా యొకటి విప్పినచో నూరు కోళ్ళకు, కొన్నిట అంతకు మించి, సరిపోవును. కలిపిన మందు కొద్ది గంటలలో వాడి ముగింపవలెను. మంచుపెట్టెలోనే యుంచవలెను. పది కోళ్ళున్న యింటివారు ఒక్కరే యీ పని చేయుట అసాధ్యము. అందుచేత పల్లెపల్లెకు ఒక దినము నిర్ణయించి, పశువైద్యశాలవారి సాయముతో అన్ని యిండ్ల కోళ్ళకును నాడే టీకాలు వేయించుట సంఘపు పని.

మూడవది, తడిసిన మక్కల విషయమున సంఘము కఠినముగా నుండవలెను. తేమ కొలుచు యంత్రమును సభ్యులకు అందుబాటున నుంచి, తేమ నూటికి 12 పాళ్ళకు దిగిన గింజనే దాణాకు తీసికొనవలెను. బూజు గింజను దాణాలో చేర్చువారు సంఘసభ్యులైనను వారి సరకు త్రోసివేయవలెను. టార్పాలిన్ల కొనుగోలుకు సాయపడినచో తడియుటయే తగ్గును. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

సంఘము వరి, పత్తి, మిరప చూచుకొనుటకే కాలము చాలదు, కోళ్ళ సంగతి యేల యని కొందఱు పెద్దలు ఆక్షేపింపవచ్చును. దానికి నా సమాధానము ముల్కనూరు. 1956లో ఆరంభమైన ఆ గ్రామ సహకార సంఘము అప్పులతో ఆగక, విత్తనము, ధాన్యము మున్నగు సభ్యుల యవసరములను ఒక్కొక్కటిగా తనవి చేసికొనుటచేతనే నిలిచినది. అచటి స్త్రీలు తమ పాల సహకార సంఘమును తామే నడుపుకొనుచున్నారు. పాలకు సాధ్యమైనది గ్రుడ్డునకు ఏల కారాదు? పంట చెడిన యేట ఇంటిలోని పిల్లలకు పుస్తకములు, జబ్బుపడినప్పుడు మందులు వచ్చునది తఱచుగా ఆ గ్రుడ్ల డబ్బు నుండియే. అది మన పద్దులలో లేనంత మాత్రమున చిన్నది కాదు.

ఈ యేడు కళ్ళములో గింజ ఆరబోయునప్పుడు గోడ ప్రక్కను ఎండ కాచుకొను బోసిమెడ పెట్టను ఒక్కసారి చూడుడు. అది మనల నేమియు అడుగదు. అడిగిన పిమ్మట ఇచ్చునది కాదు పోషణ. మంచి గింజలలో పిడికెడు దానికి ముందుగా తీసి పెట్టుడు. అంగడి త్రోసిన మక్కలను దాని ముందునుండి తీసివేయుడు. ఈ రెండు పనులు నేడే, మన చేతనే యగును. తక్కిన మూడు సూచనలను రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు తీసికొనవలసినదిగా కార్యవర్గమువారిని కోరుచున్నాను.